స్వల్పకాలిక విదేశీ అప్పుకు అడ్డుకట్ట వేయాలా? 1997 ఆసియా సంక్షోభంపై చర్చ

చంద్రిక:
1997లో థాయ్‌లాండ్, ఇండోనేషియా, దక్షిణ కొరియా వరసబెట్టి కూలిపోయాయి. ఎందుకని అడిగితే ఇప్పటికీ ఎక్కువమంది చెప్పేది ఒకటే: అక్కడ అవినీతి ఎక్కువ, బ్యాంకులు అయినవాళ్లకు అప్పులిచ్చాయి, చేసుకున్నదానికి అనుభవించారు అని. నేను దీన్ని ఒప్పుకోను. అవినీతి అంతకు పదేళ్ల ముందూ ఉంది, అప్పుడు ఇలాంటి సంక్షోభం రాలేదు. మధ్యలో మారిందల్లా విదేశీ అప్పు తేలిగ్గా దొరకడం. థాయ్‌లాండ్ 1993లో ఆఫ్‌షోర్ బ్యాంకింగ్‌కు, అంటే బ్యాంకులు విదేశాల నుంచి డాలర్లలో అప్పు తెచ్చి మళ్లీ అప్పివ్వడానికి, అనుమతి ఇచ్చింది. దాంతో అక్కడి బ్యాంకులు, కంపెనీలు తక్కువ వడ్డీకి డాలర్లు తెచ్చుకున్నాయి. డాలరుకు దాదాపు 25 బాత్‌లు (థాయ్ కరెన్సీ) అని రేటు కట్టేసి ఉంది కాబట్టి మారకపు రేటు గురించి ఎవరికీ భయం లేదు. నెలల్లో తీర్చాల్సిన అప్పు తెచ్చి, ఏళ్ల తరబడి కట్టాల్సిన టవర్లు మొదలుపెట్టారు. 1996కల్లా కరెంట్ ఖాతా లోటు, అంటే బయటి దేశాల నుంచి వచ్చే రాబడికన్నా బయటికి కట్టే ఖర్చు ఎక్కువైన మేర, జీడీపీలో 8 శాతానికి చేరింది.

1997 జూలై 2న ఆ రేటును వదిలేశారు. తర్వాతి జనవరికి డాలరు 50 బాత్‌లు దాటింది. డాలర్లలో అప్పుచేసి బాత్‌లలో అద్దెలు వసూలు చేసుకునే బిల్డరు బాకీ, కొత్తగా ఏమీ తీసుకోకుండానే రెట్టింపయింది.

అందుకే ఇలాంటి అప్పును దేశంలోకి వచ్చేటప్పుడే కట్టడి చేయాలంటాను. మీరేమంటారు?

వాసు:
చంద్రిక గారూ, థాయ్‌లాండ్‌లో అంతకుముందు సంక్షోభం రాలేదనడం సరికాదు. 1983 నుంచి 1987 దాకా అక్కడ ఫైనాన్స్ కంపెనీలు మునిగాయి, ప్రభుత్వం ఆదుకోవాల్సి వచ్చింది. రోగం పాతదే.

ఇంకో సంగతి. 1997లో బాత్‌ను నిలబెట్టడానికి థాయ్ కేంద్ర బ్యాంకు ఫార్వర్డ్ కాంట్రాక్టులు, అంటే ముందే ఖాయం చేసిన రేటుకు తర్వాత డాలర్లు ఇస్తామనే ఒప్పందాలు, చేసుకుంటూ పోయింది. జూన్ ఆఖరుకు ఆ ఒప్పందాల కింద ఇవ్వాల్సినవి సుమారు 2,340 కోట్ల డాలర్లు. చేతిలో నిజంగా మిగిలిన నిల్వ 280 కోట్లు. ఈ లెక్క బయటికి చెప్పలేదు. కార్యకలాపాలు ఆపించిన 58 ఫైనాన్స్ కంపెనీల్లో 56 మళ్లీ తెరుచుకోలేదు. దీన్ని విదేశీ సొమ్ము తప్పుగా ఎలా చూపిస్తారు? తైవాన్ కూడా అదే ప్రాంతంలో ఉంది. అక్కడ విదేశీ మారక నిల్వలు దండిగా ఉన్నాయి, దెబ్బ తగిలినా నిలబడింది.

చంద్రిక:
మీరు చెప్పిన ఎనభైల ఉదాహరణ నా వాదనకే బలం వాసు గారూ. అప్పుడు ఫైనాన్స్ కంపెనీలు మునిగితే ఆ నష్టాన్ని ప్రభుత్వం సొంత కరెన్సీతో పూడ్చగలిగింది. 1984లో బాత్ విలువ తగ్గించినా దేశం కూలలేదు. 1997లో తీర్చాల్సింది డాలర్లలో. డాలర్లను బ్యాంకాక్‌లో ముద్రించలేరు కదా! చెడ్డ అప్పులు ఎక్కడైనా ఉంటాయి. అవి బ్యాంకు నష్టంగా ఆగుతాయా, దేశం దివాలా దాకా పోతాయా అన్నది ఆ అప్పు ఏ కరెన్సీలో ఉంది, ఎంత గడువుకు తెచ్చారు అన్నదాన్ని బట్టే ఉంటుంది.

సుదర్శన్:
బ్యాంకు ట్రెజరీలో చాలా ఏళ్లు పనిచేశాను కాబట్టి ఒక్క విషయం చెప్తాను. 90 రోజుల డాలర్ అప్పును 90 రోజుల్లో తీర్చేద్దామని ఎవరూ తీసుకోరు. గడువు రోజున రెన్యువల్ అవుతుందనే లెక్క. అది ఏళ్ల తరబడి అవుతూనే ఉంటుంది, అంతా దాన్ని శాశ్వతమైన డబ్బు అనుకుంటారు. ఒక రోజు అవతలి బ్యాంకు నుంచి ఫోన్: ఈసారి కుదరదు, మా లిమిట్ తగ్గించారు. మీ లెక్కల్లో తప్పేమీ ఉండకపోవచ్చు. పక్క బ్యాంకువాళ్లు ముందే తీసేసుకుంటే తమ డబ్బు ఇరుక్కుంటుందని వాళ్ల టెన్షన్. సాయంత్రంలోగా డాలర్లు కట్టాలి. బజార్లో కొనబోతే అందరూ అక్కడే ఉంటారు, సొంత కరెన్సీ విలువ పడిపోతుంది. అది చూసి మిగతా బ్యాంకులూ ఇదే మాట చెప్తాయి.

కొరియాలో అచ్చంగా ఇదే జరిగింది. 1997 డిసెంబరు మొదట్లో ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి) ఆధ్వర్యంలో 5,700 కోట్ల డాలర్ల దాకా ప్యాకేజీ ప్రకటించారు. అయినా డబ్బు వెనక్కి తీసుకునే పరుగు ఆగలేదు. డిసెంబరు 23న డాలరు దాదాపు 2,000 వాన్‌ల దాకా పోయింది, అంతకుముందు వేసవిలో అది 900 లోపే. అంత పెద్ద ప్యాకేజీకీ ఆగని పరుగు, అమెరికా, జపాన్, యూరప్ ప్రభుత్వాలు తమ బ్యాంకులను కూర్చోబెట్టి, పాత అప్పుల్ని రెన్యువల్ చేయించాకే ఆగింది. కొరియా ఫ్యాక్టరీలు డిసెంబరు 20న ఎలా ఉన్నాయో 27నా అలాగే ఉన్నాయి.

లత:
కారణాలు మాట్లాడుకుంటూ భారం ఎవరిమీద పడిందో వదిలేస్తున్నాం. ఇండోనేషియా సంగతి చూడండి. ఐఎంఎఫ్ కార్యక్రమంలో భాగంగా 1997 నవంబరు 1న 16 బ్యాంకులు మూసేశారు. మిగతా బ్యాంకుల్లో డిపాజిట్లన్నింటికీ పూర్తి హామీ ఉందని అప్పుడు చెప్పలేదు. జనం భయపడి బాగున్న బ్యాంకుల్లోంచి కూడా డబ్బు తీసేసుకున్నారు. రుపయా డాలరుకు 2,400 నుంచి 10,000 దాటి పడిపోయింది. మరుసటి మేలో ఇంధన ధరలు ఒక్కసారిగా పెంచారు. అల్లర్లలో వెయ్యిమందికి పైగా చనిపోయారు, చైనీస్ మూలాలున్న కుటుంబాలు ఘోరంగా దాడులకు గురయ్యాయి. మే 21న దేశాధ్యక్షుడు సుహార్తో దిగిపోయాడు. ఆ ఏడాది ఆర్థిక వ్యవస్థ 13 శాతం కుంచించుకుపోయింది.

అదే కొరియాకు అప్పిచ్చిన విదేశీ బ్యాంకుల మాటేమిటి? వాటి స్వల్పకాలిక అప్పులు 1998లో ప్రభుత్వ హామీతో ఒకటి నుంచి మూడేళ్ల గడువు అప్పులుగా మారాయి. ప్రైవేటు బ్యాంకులు చేసిన అప్పుకు జనం పూచీ పడ్డారు. రిస్కు చూసుకోకుండా అప్పిచ్చినవాడికి నష్టం రాకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

వాసు:
లత గారు చెప్పిన అన్యాయం నిజమే, దాన్ని కాదనను. కానీ కట్టడి మందు పనిచేసిందా అన్నది చూడాలి. మలేషియా 1998 సెప్టెంబరు 1న విదేశీ పెట్టుబడి బయటికి పోకుండా ఆపింది, రింగిట్‌ను డాలరుకు 3.80 దగ్గర కట్టేసింది. 1999లో 6 శాతం పెరిగింది, బాగుంది. ఏ కట్టడీ పెట్టని కొరియా అదే ఏడాది దాదాపు 11 శాతం పెరిగింది!

చంద్రిక:
మలేషియా బయటికి పోయే దారి మూసింది. నేనంటున్నది లోపలికి వచ్చేటప్పటి సంగతి. ఈ రెంటినీ కలిపేస్తే చర్చ తప్పుదారి పడుతుంది. చిలీ 1991లోనే, అంటే సంక్షోభం లేని రోజుల్లోనే, బయటి నుంచి తెచ్చే అప్పులో కొంత భాగాన్ని వడ్డీ లేకుండా కేంద్ర బ్యాంకులో ఉంచాలని షరతు పెట్టింది. మూడు నెలలకు తెచ్చేవాడికి అది మోయలేని ఖర్చు, అయిదేళ్లకు తెచ్చేవాడికి స్వల్పం. మొత్తం పెట్టుబడి పెద్దగా తగ్గలేదు. తగ్గింది అందులో స్వల్పకాలిక అప్పు వాటా.

ఇక తైవాన్ లాగా నిల్వలు పెంచుకుంటే చాలన్న మాట. 2008 సెప్టెంబరు 15న అమెరికా పెట్టుబడి బ్యాంకు లేమన్ బ్రదర్స్ దివాలా తీసేనాటికి కొరియా దగ్గర దాదాపు 24,000 కోట్ల డాలర్లున్నాయి. అయినా వాన్ కుప్పకూలింది, ఎందుకంటే ఆ దేశపు బ్యాంకులు మళ్లీ స్వల్పకాలిక డాలర్ అప్పుల మీదే నడుస్తున్నాయి. అక్టోబరు ఆఖర్లో అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ 3,000 కోట్ల డాలర్ల స్వాప్ (వాన్‌లు తీసుకుని కొంతకాలానికి డాలర్లు ఇచ్చే ఏర్పాటు) ఇస్తామనగానే వాన్ బాగా పుంజుకుంది. అంత నిల్వ పెట్టుకున్న దేశం కూడా చివరికి డాలర్ ముద్రించేవాళ్ల మాట కోసం ఎదురుచూడాల్సి వచ్చింది! అలాంటి మాట అందని దేశాల గతి ఏమిటి? కొరియా తర్వాత చేసిందేమిటో చూడండి: 2010లో బ్యాంకుల ఫార్వర్డ్ ఒప్పందాలకు పరిమితి, 2011లో బ్యాంకుల విదేశీ అప్పుల మీద లెవీ (ఒక రకం పన్ను). అప్పట్లో గడువు తక్కువైతే లెవీ ఎక్కువ ఉండేది.

వాసు:
లెవీకి నాకు అభ్యంతరం లేదు. అది నిషేధం కాదు. అయితే బ్యాంకులను కట్టడి చేస్తే కంపెనీలు విదేశాల్లోని అనుబంధ సంస్థల పేరిట డాలర్ బాండ్లు అమ్ముతాయి. 2008 తర్వాత చాలా వర్ధమాన దేశాల్లో జరిగింది అదే. ఆ అప్పు దేశపు విదేశీ అప్పు లెక్కలో కనపడదు. దాన్ని ఎలా పట్టుకుంటారు?

చంద్రిక:
కనపడేలా లెక్కగట్టవచ్చు వాసు గారూ. అప్పు ఏ దేశంలో రిజిస్టరైన సంస్థ చేసిందని కాక, దాని మాతృసంస్థ ఏ దేశానిదని చూడాలి. అంతర్జాతీయ సెటిల్‌మెంట్ల బ్యాంకు బాండ్ల గణాంకాలను రెండు విధాలుగానూ ప్రకటిస్తోంది. దేశాల కేంద్ర బ్యాంకులు కూడా కంపెనీల నుంచి గడువుల వారీగా వివరాలు తీసుకుని మూడు నెలలకోసారి బయటపెట్టాలి. 1997 జూన్‌లో థాయ్ కేంద్ర బ్యాంకు తన ఫార్వర్డ్ బాకీలు బయటపెట్టనట్టు ఈ లెక్కా దాగిపోకూడదు.