గుల్‌మార్గ్ స్కీయింగ్: హెల్మెట్ మీద కెమెరా పెట్టుకోవచ్చా?

మియాపూర్_మంచు: జనవరిలో ఆఫీసు వాళ్లం గుల్‌మార్గ్ వెళ్తున్నాం. స్కీయింగ్ ఇదే మొదటిసారి. గోప్రో కెమెరా కొన్నాను. హెల్మెట్‌కి అంటించాలా, ఛాతీకి బెల్టుతో కట్టుకోవాలా?

సైనిక్‌పురి_సీనియర్: రెండూ వద్దు. కార్ రేసర్ షూమాకర్ సంగతి మర్చిపోయారా? 2013 డిసెంబర్ 29, ఫ్రాన్స్‌లోని మెరిబెల్‌లో స్కీయింగ్ చేస్తూ పడ్డారు. హెల్మెట్ మీద కెమెరా ఉంది. తల రాయికి కొట్టుకుని హెల్మెట్ పగిలింది. అంత గట్టి వస్తువు నెత్తిన పెట్టుకుని పడితే దెబ్బంతా ఒక్కచోటే దిగుతుంది.

బోర్డు_బాబు: కెమెరా వల్లే అని ఎవరు తేల్చారు సార్? ఆయన దారి వదిలి, రెండు పిస్టుల (స్కీయింగ్ కోసం చదును చేసిన దారుల) మధ్య చదును చేయని మంచులోకి వెళ్లారు. అక్కడ రాయి ఉంది. 2014 ఫిబ్రవరిలో ఎవరి నేరమూ లేదని ప్రాసిక్యూటర్ కేసు మూసేశారు. పైగా ఆ కెమెరా వీడియోనే దర్యాప్తు వాళ్లు చూశారు.
మియాపూర్ బ్రో, స్కీ అయితే ఛాతీ బెల్టు బాగుంటుంది, చేతులూ మోకాళ్లూ ఫ్రేములోకి వస్తాయి. స్నోబోర్డ్ అంటే రెండు కాళ్లకీ ఒకే పలక, దాని మీద పక్కకి తిరిగి నిలబడతాం కాబట్టి దారి పడదు, చెట్లే పడతాయి. బోర్డుకి హెల్మెటే.

సైనిక్‌పురి_సీనియర్: తేలలేదంటే కెమెరా తప్పు లేదని కాదు.

బోర్డు_బాబు: ఉందని కూడా కాదు.

చాయ్_బిస్కెట్: బ్యాటరీ గురించి ఎవరూ చెప్పరేం? చలికి చార్జింగ్ గబగబా దిగిపోతుంది. స్పేర్‌ది జాకెట్ లోపలి జేబులో పెట్టుకో. విమానంలో చేతి బ్యాగులోనే, చెకిన్‌లో వేయకు. హెల్మెట్ అద్దెదైతే అంటించనిస్తారో లేదో ముందే అడుగు.

సైనిక్‌పురి_సీనియర్: అసలు కొత్తవాళ్లకి కెమెరా ధ్యాసే ప్రమాదం. మా బ్యాచ్‌లో ఒకాయన రికార్డ్ అవుతోందో లేదోనని నెత్తి తడుముకుంటూ వచ్చి నా మీద పడ్డాడు. నా మోకాలు ఇప్పటికీ మెట్లు దిగనివ్వదు.

బోర్డు_బాబు: అది ఆయన తప్పు. ఫోన్ చూస్తూ బండి నడిపేవాళ్లు ఉన్నారని ఫోన్లన్నీ ఎత్తేస్తామా?

సైనిక్‌పురి_సీనియర్: పడేసినందుకు నేనేమీ అనలేదు బాబూ! నేను పడటమంతా ఆయన కెమెరాలో ఉంది. నేను హైదరాబాద్‌లో దిగేసరికే అది మా అపార్ట్‌మెంట్ గ్రూపులో, పాట జోడించి మరీ. లిఫ్టులో పిల్లలు నన్ను చూసి నవ్వుతున్నారు. తీసేయమంటే "సరదాకే కదా అంకుల్" అన్నాడు.

బోర్డు_బాబు: మరి ఇంతసేపూ మధ్యలో షూమాకర్ ఎందుకు సార్!

సైనిక్‌పురి_సీనియర్: తల పగిలితే తప్ప మీకు దెబ్బలా కనిపించదు గనుక.

నల్లకుంట_నాని: తీయడం వేరు, గ్రూపులో పెట్టడం వేరు. రెండూ కలిపేస్తున్నారు.

సైనిక్‌పురి_సీనియర్: తీస్తేనే కదా పెట్టేది. నా పేచీ తీయడంతోనే.

బోర్డు_బాబు: వాలు మీద కనిపించిన ప్రతి ఒక్కరినీ అడిగి తీయాలంటే సీజన్ అయిపోతుంది. పెట్టే ముందు అడగాలంటే మాత్రం, సరే, ఒప్పుకుంటా.

సైనిక్‌పురి_సీనియర్: మీరు ఒప్పుకుంటే నా వీడియో పోతుందా?

మియాపూర్_మంచు: మా టీమ్‌లో ఇద్దరు తమని తీయొద్దని ముందే చెప్పేశారు. మేనేజర్ మాత్రం తను పడితే వదలకుండా తీయమన్నారు. ఛాతీ బెల్టు ఆర్డర్ పెట్టేశా.

బోర్డు_బాబు: స్కీయే కదా? అక్కడికెళ్లి బోర్డు తీసుకుంటే మాత్రం ఆ బెల్టు దండగ.