మన బేస్ నైట్‌కి జనం పెరిగారు, బేస్ పోయింది. డబ్‌స్టెప్‌కి జరిగిందే ఇక్కడా జరుగుతోందా?

లోఎండ్_కడప:

అందరికీ నమస్తే. మాది కడప, బెంగళూరుకొచ్చి ఎనిమిదేళ్లయింది. ఇక్కడ డబ్‌స్టెప్ (బరువైన బేస్ మీద నడిచే లండన్ డాన్స్ సంగీతం) వినే తెలుగువాళ్లు కొంతమంది ఉన్నారని తెలిసి అడుగుతున్నాను. ఆఫీసులో ఎవరికి చెప్పినా ఈ బాధ అర్థం కాదు.

ఇందిరానగర్‌లో ఒక బిల్డింగు మొదటి అంతస్తులో చిన్న గది ఉండేది. నెలకోసారి శనివారం అక్కడ డీజేలు ఈ సంగీతం వాయించే బేస్ నైట్ పెట్టేవాళ్లు. అరవై డెబ్బై మంది వచ్చేవాళ్లు, అంతకు మించితే ఊపిరాడేది కాదు. లైట్లు దాదాపు ఉండవు, ఒక మూల ఎర్ర బల్బు మాత్రం వెలిగేది. కానీ అద్దెకు తెచ్చిన రెండు పెద్ద సబ్‌వూఫర్లు, అంటే బేస్ పలికే స్పీకర్లు ఉండేవి. మొదటిసారి వెళ్లినప్పుడు తెలియక వాటి ముందే నిలబడ్డాను, ట్రాక్ మొదలయ్యాక ఒంటి మీద చొక్కా దానంతటదే కదిలింది. చెవికంటే ముందు కడుపుకి తెలిసింది. ఎవరూ ఫోన్ తీయలేదు, చాలామంది కళ్లు మూసుకుని తలలూపుతూ ఉన్నారు. ఇంటికొచ్చాక రెండు రోజులు నాకు అదే ధ్యాస.

పోయినేడాది అక్కడ తీసిన ఒక రీల్ బాగా తిరిగింది. ఆర్నెల్లలో ఆ నైట్ కోరమంగల వైపు ఒక రూఫ్‌టాప్ బ్రూవరీకి మారిపోయింది. ఇప్పుడు నాలుగొందల మంది వస్తున్నారు, టికెట్ వెయ్యి రూపాయలు. పాత డీజేలలో ఇద్దరు ఇంకా వాయిస్తున్నారు కానీ సెట్లు వేరే అయిపోయాయి. ఒకప్పుడు ట్రాక్‌ని ఐదు నిమిషాలు నడవనిచ్చేవాళ్లు, ఇప్పుడు నిమిషం తిరక్కముందే డ్రాప్ (మోత ఒక్కసారిగా విరుచుకుపడే చోటు), దాని వెనకే ఇంకో డ్రాప్, ప్రతి డ్రాప్‌కి ముందు ఫోన్లన్నీ పైకి లేస్తాయి. గరగరమనే మోతే తప్ప కడుపు దాకా వచ్చే బేస్ లేదు. మూడో డీజే నా స్నేహితుడు, వాడైతే వాయించడమే మానేశాడు.

మొన్న శనివారం పదిన్నరకే బయటికొచ్చి మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను. నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాను, ఏ సంగీతమైనా పదిమందికీ తెలిస్తే ఇలాగే అయిపోతుందా? ఇంతకంటే వేరే దారి ఉండదా?

బ్రిక్స్‌టన్_నుంచి_బసవనగుడి:

తమ్ముడూ, ఇది చదువుతుంటే నాకు 2006 గుర్తొచ్చింది. అప్పుడు లండన్‌లో ఎమ్మెస్సీ చేస్తున్నాను. అసలు డబ్‌స్టెప్ కథ కొంచెం చెప్తాను, నీ ప్రశ్నకి జవాబు అందులోనే ఉందని నా నమ్మకం.

ఈ సంగీతం పెరిగింది సౌత్ లండన్‌లోని క్రాయిడన్‌లో. అక్కడ బిగ్ యాపిల్ అనే రికార్డుల షాపు ఉండేది. స్క్రీమ్, బెంగా లాంటి కుర్రాళ్లు స్కూలు వయసులోనే దాని చుట్టూ తిరుగుతూ ట్రాకులు చేసేవాళ్లు. యూకే గ్యారేజ్ అనే డాన్స్ సంగీతంలోంచి పాటనీ తళుకునీ తీసేసి, జమైకాలో రెగే పాటల్లోంచి పుట్టిన డబ్ నుంచి వచ్చిన బరువైన బేస్‌నీ బోలెడంత ఖాళీనీ మిగిల్చారు. నిమిషానికి 140 బీట్లే గానీ స్నేర్ డ్రమ్ము ప్రతి నాలుగు బీట్లలో మూడోదాని మీద ఒక్కసారే పడుతుంది కాబట్టి ఒంటికి అందులో సగం వేగమే తెలుస్తుంది. 2001లో మొదలైన ఫార్వర్డ్ అనే నైట్ తర్వాత ప్లాస్టిక్ పీపుల్ అనే చిన్న చీకటి క్లబ్బుకి చేరింది. 2005లో మాలా, కోకి, లోఫా అనే డీజేలు బ్రిక్స్‌టన్‌లో డీఎంజెడ్ అనే నైట్ మొదలుపెట్టారు. అది జరిగేది మాస్ అనే క్లబ్బులో, ఆ క్లబ్బు ఒక చర్చి భవనంలో ఉండేది.

కొత్త ట్రాక్ చేస్తే దాన్ని డబ్‌ప్లేట్ మీద కోయించేవాళ్లు. పైన మెత్తటి పూత ఉన్న రికార్డు పళ్లెం అది, కొన్ని పదులసార్లు వాయిస్తే అరిగిపోతుంది. ఆ ట్రాక్ నెలల తరబడి ఇద్దరు ముగ్గురు డీజేల దగ్గర తప్ప ఎక్కడా దొరికేది కాదు. వినాలంటే ఆ గదికి పోవాల్సిందే, అరిగిపోకముందే పోవాలి. అందుకే అక్కడ జనం అంత శ్రద్ధగా వినేవాళ్లు.

2006 జనవరిలో మేరీ ఆన్ హాబ్స్ అనే రేడియో వ్యాఖ్యాత బీబీసీ రేడియో 1లో ఈ డీజేలందరినీ ఒకే షోలో కూర్చోబెట్టింది. ఆ రికార్డింగు నెట్‌లో ఎక్కడెక్కడికో పాకింది. తర్వాత కొద్ది వారాలకే డీఎంజెడ్ మొదటి వార్షికోత్సవం. మామూలుగా వాళ్లు వాడే గదిలో 400 మంది పడతారు, ఆ రోజు 600 మంది క్యూ కట్టారు. అమెరికా నుంచి, ఆస్ట్రేలియా నుంచి కూడా వచ్చారు. అప్పటికప్పుడు అందరినీ పెద్ద హాల్లోకి మార్చారు. తమ్ముడూ, జనం పెరిగితేనే సంగీతం చెడేటట్టయితే ఆ రాత్రే చెడాలి. చెడలేదు! మాలా అదే ఓపికతో వాయించాడు, అదే బరువు దిగింది.

మారింది ఆ తర్వాత మూడు నాలుగేళ్లకి. 2009లో లా రూ అనే పాప్ బృందం పాటకి స్క్రీమ్ చేసిన రీమిక్స్ అన్నిచోట్లా మోగింది. 2010 అక్టోబరులో గరగర మోతకి పేరైన అమెరికా డీజే స్క్రిలెక్స్ ఈపీ (చిన్న ఆల్బమ్) వచ్చింది, 2011కల్లా బ్రిట్నీ స్పియర్స్ పాట మధ్యలోనూ డబ్‌స్టెప్ ముక్క, 2012 ఫిబ్రవరిలో స్క్రిలెక్స్‌కి మూడు గ్రామీలు. పాతవాళ్లు చాలామంది హౌస్, టెక్నో అనే వేరే డాన్స్ సంగీతాల వైపు వెళ్లిపోయారు. మాలా మాత్రం 2006లో పెట్టిన తన డీప్ మెడీ రికార్డు లేబుల్‌ని అలాగే నడిపించాడు. 2006లో ఆగని బేస్ 2010లో ఎందుకు ఆగింది అన్నదే ఆలోచించాల్సింది.

మిక్సర్_వెనకాల:

ఆ చివరి మాటకి నేను చెప్తాను అన్నా. పదకొండేళ్లుగా ఈ ఊళ్లో సౌండ్ పనే చేస్తున్నాను, పెళ్లిళ్లు, కాలేజీ ఫెస్టులు, పబ్బులు అన్నీ.

40 హెర్ట్జ్, అంటే సెకనుకి 40 సార్లు కంపించే లోతైన శబ్దం, దాని ఒక్క అల పొడవే సుమారు 28 అడుగులు. అది కడుపుకి తగలాలంటే పెద్ద కోన్ (స్పీకర్లో కదిలే గరాటు లాంటి భాగం) ఉన్న బాక్సులు కావాలి, గోడలు కావాలి, కరెంటు కావాలి. లాప్‌టాప్ స్పీకర్, ఫోన్ స్పీకర్ ఆ శబ్దాన్ని అసలు పలకనే పలకవు. 2009లో యూకేఎఫ్ లాంటి యూట్యూబ్ ఛానళ్లు వచ్చాక కొత్తగా ఈ సంగీతం విన్న కుర్రాళ్లలో చాలామంది హాస్టల్ గదిలో లాప్‌టాప్ మీదే విన్నారు. మాలా ట్రాక్ అందులో వింటే ఏముంటుంది? దూరంగా టక్ టక్‌మని డ్రమ్ము, మధ్యలో ఖాళీ. అదే గరగరమనే వబుల్ (ఊగుతూ పలికే మోత) అయితే మిడ్‌లో, అంటే మధ్య స్థాయి శబ్దంలో ఉంటుంది కాబట్టి చిన్న స్పీకర్లోనూ చెవిలో దూరుతుంది. చేసేవాళ్లు కూడా లాప్‌టాప్ మీదే చేస్తున్నారు, వినేవాళ్లు లాప్‌టాప్ మీదే వింటున్నారు, ఇక సంగీతం ఆ స్పీకర్ కొలతకే కుదించుకుపోయింది. అక్కడ జనం తప్పేమీ లేదు.

ఇప్పుడు మన రూఫ్‌టాప్ సంగతి. పైన కప్పు లేదు, పక్కన గోడలు లేవు, సబ్ (సబ్‌వూఫర్) ఎంత పెట్టినా గాల్లో కలిసిపోతుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 దాటితే ఆరుబయట స్పీకర్లు పెట్టకూడదు. ఇక్కడ బ్రూవరీలు చాలావరకు మేడ మీదే, పక్కనే అపార్టుమెంట్లు. పక్కింటికి మొదట చేరేది బేసే, ఎందుకంటే హై శబ్దాన్ని గోడ ఆపుతుంది, లో శబ్దాన్ని ఆపలేదు. దాంతో మేనేజరు పరిగెత్తుకుంటూ వచ్చి నాతో అనే మొదటి మాట, "సబ్ తగ్గించు". తొమ్మిదిన్నరకే తగ్గిస్తాం, పదికి పూర్తిగా తీసేస్తాం. సబ్ లేదని తెలిసిన డీజే ఏం వాయిస్తాడు? సబ్ లేకపోయినా బతికే ట్రాకులే వాయిస్తాడు. మీరు విన్న గరగర అదే. ఆ ఇద్దరు డీజేలూ అమ్ముడుపోయారని అనుకోకండి, నేను వాళ్ల ముఖాలు చూశాను.

2018 జనవరిలో సుప్రీంకోర్టు, లైవ్ మ్యూజిక్ పెట్టాలంటే పోలీసు లైసెన్స్ ఉండాలన్న 2005 నాటి బెంగళూరు ఉత్తర్వు చెల్లుతుందని చెప్పాక ఇక్కడ చాలా పబ్బులు లైవ్ మ్యూజిక్ ఆపేశాయి. ఇందిరానగర్‌లో లైవ్ మ్యూజిక్ పెట్టే హమ్మింగ్ ట్రీ కూడా 2019లో మూతపడింది. నాలుగు గోడలున్న మంచి గది దొరకడమే ఇప్పుడు అసలు కష్టం.

బెజవాడ_హాఫ్‌టైమ్:

నేను కొంచెం వేరే మాట చెప్పాలి, కోప్పడకండి.

ఆ లాప్‌టాప్ హాస్టల్ పిల్లల్లో నేనొకదాన్ని. 2012లో విజయవాడలో ఇంజినీరింగ్ చదువుతుండగా రూమ్మేట్ పెన్‌డ్రైవ్‌లో స్క్రిలెక్స్ విన్నాను. అప్పటిదాకా సినిమా పాటలు తప్ప వేరే ఏదీ నా చెవిన పడలేదు. ఆ గరగర వినగానే ఒళ్లు జలదరించింది, ఇలాంటి శబ్దం మనుషులు చేయగలరా అనిపించింది. అక్కడి నుంచి వెతుక్కుంటూ పోయాను, ఒకరి పేరు పట్టుకుని ఇంకొకరు, చివరికి బరియల్ అనే లండన్ కళాకారుడు 2007లో చేసిన అన్‌ట్రూ దొరికింది. ఆ ఆల్బమ్ వింటూ హాస్టల్ మేడ మీద తెల్లవారేదాకా కూర్చున్న రాత్రి నేనెప్పటికీ మర్చిపోను. స్క్రిలెక్స్ లేకపోతే బెజవాడ పిల్లకి బరియల్ ఎలా దొరుకుతాడు, క్రాయిడన్ షాపుకి నేను పోలేను కదా.

ఇంకో సంగతి. మీ ఇందిరానగర్ గదికి నేనూ ఒకసారి వచ్చాను, ఒక్కదాన్నే. చీకటి, అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లు, అందులో ఆడవాళ్లు ముగ్గురో నలుగురో. ఎవరూ నన్ను ఏమీ అనలేదు, కానీ ఎవరూ పలకరించలేదు కూడా. గంటసేపు గోడకి ఆనుకుని నిలబడి వెళ్లిపోయాను. సౌండ్ మాత్రం అద్భుతం, అది ఒప్పుకుంటాను. రూఫ్‌టాప్‌కి ఇప్పుడు స్నేహితురాళ్లతో వస్తాను, వెలుతురు ఉంటుంది, కింద క్యాబ్ దొరుకుతుంది. లోఎండ్ గారూ, మీరు పోగొట్టుకున్నది నిజమే, మీ బాధ నాకు తెలుస్తోంది. కానీ ఆ గది అలాగే ఉండుంటే నాలాంటివాళ్లు ఎప్పటికీ గోడ పక్కనే ఉండేవాళ్లం. ఫోన్లు ఎత్తేవాళ్లలో ఒక్కరైనా రేపు మాలా దాకా వెళ్తారు, వాళ్లని చిన్నచూపు చూడొద్దు.

పలక_మనవడు:

డబ్‌స్టెప్ గురించి నాకు మీ అంత తెలియదు, ఈ మధ్యే వింటున్నాను. అయినా ఈ చర్చ మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ వింటున్నదే.

మా తాత డప్పు కొట్టేవాడు, నల్లగొండ దగ్గర. కొట్టే ముందు గడ్డి మంట వేసి తోలుని కాచేవాళ్లు, కాస్తే బిగుస్తుంది, చల్లారితే మళ్లీ కాయాలి. కుడిచేతిలో సిర్ర, ఎడమచేతిలో చిటికెన పుల్ల. ఆ మంట చుట్టూ నిలబడే పదినిమిషాల్లోనే దెబ్బలు నేర్చుకున్నానని తాత చెప్పేవాడు. తర్వాత డప్పు స్టేజీలెక్కింది, టీవీల్లోకి వచ్చింది, ఫైబర్ పలకలు వచ్చాయి. వాటికి మంట అక్కర్లేదు, వానలోనూ పలుకుతాయి. కానీ తోలు పలికే లోతు వాటిలో రాదు. మీరు సబ్ అంటున్నదే మాకు ఆ తోలు.

అయితే మా నాన్న ఎప్పుడూ ఒక మాట అంటాడు. డప్పు ఊరికే పరిమితమై ఉన్నంతకాలం తాత వాకిలి బయటే నిలబడ్డాడు, చావుకీ జాతరకీ కబురొస్తే పోవడమే, ఇచ్చింది పుచ్చుకోవడమే. స్టేజీ ఎక్కాక మా బాబాయికి శాలువా కప్పారు, పేరు పెట్టి పిలిచారు, మాట్లాడుకున్న డబ్బు ఇచ్చారు. తోలు పోయిందని మా నాన్నకి దుఃఖం ఉంది, శాలువా వచ్చిందని సంతోషమూ ఉంది, రెండూ ఒకేసారి ఉంటాయి. సినిమాలో తీన్మార్ పెట్టి కోట్లు సంపాదించినప్పుడు కొట్టినవాడి పేరు తెర మీద పడకపోతే మాత్రం ఆయనకి కోపమొస్తుంది. అందుకే నేను అడిగేది ఇంకోటి. ఆ వెయ్యి రూపాయల టికెట్లో అప్పుడు చిన్న గదిలో ఉత్తినే వాయించినవాళ్లకి ఎంత వస్తోంది? పెద్దదవ్వడం వల్ల మొదలుపెట్టినవాళ్లకి తిండి దొరికితే నేను ఫైబర్‌ని కూడా భరిస్తాను.

లోఎండ్_కడప:

అందరికీ చాలా థ్యాంక్స్. రెండుసార్లు చదివాను.

బెజవాడ గారూ, మీరు ఆ గోడ పక్కన నిలబడ్డ రోజు నేనూ అక్కడే ఉండి ఉంటాను. పలకరించనందుకు మనస్ఫూర్తిగా క్షమించమంటున్నాను. మేమంతా వింటున్నామనుకున్నాం, కొత్తగా వచ్చినవాళ్లకి అది ఎలా కనిపిస్తుందో ఒక్కరోజు కూడా ఆలోచించలేదు.

పలక అన్నా, నువ్వు అడిగింది నిన్న రాత్రే మా వాడికి ఫోన్ చేసి కనుక్కున్నాను. బ్రూవరీలో సెట్‌కి ఇచ్చేది క్యాబ్‌కీ భోజనానికీ సరిపోతుంది, అంతే. టికెట్లో వాటా లేదట. వాడు మానేసింది సౌండ్ గురించే అనుకున్నాను, ఇది నాకు చెప్పనే లేదు.

మాట్లాడుతుంటే ఒక దారి తట్టింది. రాత్రే ఎందుకు పెట్టాలి? ఆదివారం మధ్యాహ్నం 4 నుంచి 9 దాకా పెడితే పదింటి గొడవ ఉండదు, అందరికీ మెట్రో దొరుకుతుంది. జయనగర్‌లో ఒక డాన్స్ క్లాసుల హాలు ఉంది, చెక్క నేల, నాలుగు వైపులా గోడలు, ఎనభై మంది పడతారు. ఓనరు తెలుగువాళ్లే, ఆదివారాలు ఖాళీ అన్నారు. వచ్చిన డబ్బులో హాలు అద్దె, సౌండ్ అద్దె పోగా మిగిలింది వాయించినవాళ్లకే. తలుపు దగ్గర ఎవరో ఒకరం నిలబడి వచ్చిన ప్రతివాళ్లనీ పలకరిద్దాం, మొదటి ఆదివారం నేనుంటాను. పాత సబ్‌లు రెండూ అద్దెకు దొరుకుతున్నాయి, ఆ హాలుకి రెండు చాలతాయా?

మిక్సర్_వెనకాల:

చెక్క నేలంటే రెండు చాలవచ్చు, కానీ హాలు చూడకుండా చెప్పను. ముందు కింద అంతస్తులో ఎవరున్నారో కనుక్కోండి. నా దగ్గర 18 ఇంచీల సింగిల్ సబ్ ఒకటి ఖాళీగా ఉంది, అద్దె వద్దు, టాటా ఏస్ కిరాయి ఇస్తే చాలు. గురువారం సాయంత్రం ఆరు తర్వాత వస్తాను, తాళాలు తెప్పించి ఉంచండి. మాలా ట్రాక్ ఒకటి పెన్‌డ్రైవ్‌లో వేవ్ ఫైలుగా తెచ్చుకోండి, ఎంపీ3 వద్దు.