అమెరికా ప్రభుత్వ సైబర్ ఉద్యోగం: క్లియరెన్స్ ముందా, సర్టిఫికేషన్ ముందా?

ప్రశ్న
గత నెల సిటిజన్‌షిప్ వచ్చింది. సాక్ (సైబర్ దాడులను కనిపెట్టే విభాగం) ఎనలిస్టుగా నాలుగేళ్ల అనుభవం. వర్జీనియా, మేరీలాండ్ వైపు ఏ ప్రకటన చూసినా "యాక్టివ్ సీక్రెట్ ఉండాలి" అంటున్నారు, అంటే రహస్య సమాచారం చూడటానికి ప్రభుత్వమిచ్చే అనుమతి (క్లియరెన్స్) సీక్రెట్ స్థాయిలో ఇప్పటికే ఉండాలట. క్లియరెన్స్‌కి సొంతంగా అప్లై చేసుకోవచ్చా? సీఐఎస్ఎస్‌పీ (అనుభవజ్ఞులకిచ్చే సైబర్ సెక్యూరిటీ సర్టిఫికేషన్) రాయాలా? ఊళ్లో తాతగారి నుంచి వచ్చిన రెండెకరాల పొలం, ఎన్‌ఆర్‌ఓ ఖాతా (విదేశాల్లో ఉండేవారికి ఇండియాలో ఉండే బ్యాంకు ఖాతా) నా పేరున ఉన్నాయి. అమ్మానాన్నలు అక్కడే ఉంటారు. ఇవి అడ్డమా?

జవాబు 1
సొంతంగా అప్లై చేసే దారి లేదండి. ఏజెన్సీ గానీ, కాంట్రాక్టు ఉన్న కంపెనీ గానీ స్పాన్సర్ చేయాలి. డబ్బు కడితే ఇప్పిస్తామనే కన్సల్టెన్సీల జోలికి పోకండి. "యాక్టివ్" అన్నవి వదిలేసి, "క్లియరెన్స్ పొందే అర్హత ఉండాలి" అన్నవి వెతకండి. ఫెడరల్ ఉద్యోగాల సైటు యూఎస్ఏజాబ్స్‌లో 2210 సిరీస్ (ఐటీ ఉద్యోగాలు) చూడండి. 2025 సెప్టెంబరు నుంచి అక్కడ రెజ్యూమె రెండు పేజీలు దాటకూడదు. ప్రతి ఉద్యోగానికీ నెల, సంవత్సరం, వారానికి ఎన్ని గంటలో రాయండి. గంటలు లేకపోతే అనుభవం లెక్కకట్టలేక పక్కన పెట్టేస్తారు.

జవాబు 2
ముందు సెక్యూరిటీ ప్లస్ (సైబర్ సెక్యూరిటీలో తొలి స్థాయి సర్టిఫికేషన్) రాసేయండి. ఏ సైబర్ పనికి ఏ అర్హత కావాలో చెప్పే రక్షణ శాఖ పాత 8570 మాన్యువల్ పోయి 2023 ఫిబ్రవరిలో 8140.03 వచ్చినా, చాలా వర్క్ రోల్స్‌కి (పని బాధ్యతలకి) సెక్యూరిటీ ప్లస్ చెల్లుతుంది. పరీక్ష 90 నిమిషాలు, గరిష్ఠంగా 90 ప్రశ్నలు, 900 స్కేలు మీద 750 రావాలి. సీఐఎస్ఎస్‌పీకి దాని ఎనిమిది డొమైన్లలో (విషయ విభాగాల్లో) కనీసం రెండింటిలో ఐదేళ్ల అనుభవం అడుగుతారు. కంప్యూటర్ డిగ్రీ ఉంటే ఒక ఏడాది తగ్గుతుంది కాబట్టి, ఆ డిగ్రీ ఉంటే మీకు అదీ అందుబాటులోనే ఉంది.

జవాబు 3
పొలం, ఖాతా, అమ్మానాన్నలు ఉన్నంత మాత్రాన తిరస్కరించరు. దాస్తేనే చిక్కు. క్లియరెన్స్ కోసం నింపే ఎస్‌ఎఫ్-86 ఫారంలో విదేశీ ఆస్తిని, విదేశీ పౌరులకు ఇచ్చిన డబ్బును అడుగుతారు, కాబట్టి ఇంటికి పంపేదీ రాయాలి. పొలం ఎప్పుడు, ఎలా వచ్చింది, డాలర్లలో విలువెంత అన్నది పాసుపుస్తకం ముందు పెట్టుకుని నింపండి. విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజు 10,000 డాలర్లు దాటినా ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల గురించి అమెరికా ప్రభుత్వానికి ఇచ్చే నివేదిక) వేసి ఉండాలి. వేయకపోయి ఉంటే ఫారం కంటే ముందు దాని సంగతి చూడండి.

మనవాళ్లకి పేర్ల దగ్గర ఇబ్బంది ఎక్కువ. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా, పాత ఉద్యోగంలో ముందువెనుకలుగా ఉంటుంది. అవన్నీ "వాడిన ఇతర పేర్లు" దగ్గర రాయాలి. చిరునామాలు, ఉద్యోగాలు పదేళ్లవి, మధ్యలో ఒక్క నెల ఖాళీ లేకుండా ఉండాలి. గత మూడేళ్ల ఇళ్లకు మిమ్మల్ని అక్కడ ఎరిగిన మనిషి పేరు, ఫోన్ అడుగుతారు. పాత రూమ్మేట్ల నంబర్లు ఇప్పుడే సేకరించి పెట్టుకోండి.

ప్రశ్న అడిగినవారు
పొలం నాన్నగారి పేరు మీదకి మార్చేస్తే రాయక్కర్లేదా?

జవాబు 3
రాయాలండి. అక్కడి ప్రశ్న "ఎప్పుడైనా ఉందా" అని. అమ్మేసినా, మార్చేసినా జవాబు "అవును" అనే. పైగా ఫారం ముందు మార్చితే ఎందుకు మార్చారని ఇంటర్వ్యూలో అదనంగా అడుగుతారు. ఉన్నది ఉన్నట్టు ఉంచేయండి.