ఫైలు పేర్లన్నీ చిన్నబడిలోకి మార్చాలా, ప్రోగ్రామునే సర్దాలా?

ప్రశ్న (విజయనగరం, గణాంకశాస్త్ర విద్యార్థి):
మండలాలవారీ వర్షపాతం ఫైళ్లను కలిపేందుకు ఆర్ భాషలో రాసుకున్న ప్రోగ్రాము మా విండోస్ కంప్యూటర్లలో చక్కగా నడుస్తోంది. దాన్నే లైనక్స్ సర్వరుకు ఎక్కిస్తే బొబ్బిలి ఫైలు లేదంటోంది. ఫైలు పేరు ఇంగ్లీషు పెద్దబడి (క్యాపిటల్) ‘బి’తో మొదలవుతుంది, ప్రోగ్రాములో చిన్నబడి (స్మాల్) ‘బి’ ఉంది. పేర్లన్నీ చిన్నబడిలోకి మార్చాలని కొందరు, పాత పేర్లను కదపకుండా ప్రోగ్రామే ఆ తేడాను పట్టించుకోకుండా చూడాలని కొందరు అంటున్నారు. ఏది మేలు?

సమాధానం (శ్రీకాకుళం, అధ్యాపకుడు):
మార్చడమే మేలు. విండోస్ పేరును మనం రాసినట్టే దాచుకుంటుంది గాని, వెతికేటప్పుడు మామూలుగా బడి తేడా చూడదు. మాక్ కూడా సాధారణ అమరికలో అంతే. లైనక్స్‌కు మాత్రం అవి రెండు వేర్వేరు ఫైళ్లు. ప్రోగ్రామును సర్దితే ఆ ఒక్కటే బాగుపడుతుంది, రేపు అదే ఫైలును మరొకరు పైథాన్‌తో తెరవబోతే కథ మళ్లీ మొదటికి వస్తుంది. యూనిక్స్‌లో శాస్ అనే గణాంక సాఫ్ట్‌వేర్ తన డేటాసెట్ ఫైళ్ల పేర్లు చిన్నబడిలోనే ఉండాలంటుంది. ఆ పట్టుదల నాకు సబబుగానే తోస్తుంది. అయితే మార్చేముందు సర్వరులోనే జాబితా తీసి, చిన్నబడి చేస్తే ఒకటైపోయే పేర్లున్నాయేమో చూడండి. ఉంటే ఒక ఫైలు మీద మరొకటి పడి మొదటిది పోతుంది. ఫైళ్లలో మార్పుల చరిత్రను దాచే గిట్ వాడేవారైతే, విండోస్‌లో బడి మాత్రమే మారిన పేరును అది గుర్తించకపోవచ్చు కనుక, గిట్ ఎంవీ ఆదేశంతోనే మార్చాలి.

సమాధానం (రాజాం):
మాస్టారు చెప్పిన జాగ్రత్తలు సరైనవే గాని, నిర్ణయంతో ఏకీభవించలేను. మా ఊరి పేరునే ఇంగ్లీషులో ‘జె’తో రాసేవారున్నారు, ‘జెడ్’తో రాసేవారున్నారు, చిన్నబడి చేసినంతమాత్రాన అవి ఒకటి కావు. పైగా 2022 ఏప్రిల్ 4న రాజాం శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరానికి వచ్చింది కనుక, జిల్లా పేరు కూడా చేర్చిన ఫైళ్లలో పాతవీ కొత్తవీ కలవవు. తెలుగులోనే పేర్లు పెడితే బడి బెడద ఉండదనేవారికీ ఒక మాట: కంప్యూటరు అక్షరాలను దాచుకునే యూనికోడ్ పద్ధతిలో ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ, రెండు గుర్తులుగానూ దాచవచ్చు, చూపుకు ఒకేలా ఉన్న పేర్లను కంప్యూటరు వేరనుకుంటుంది. కేంద్ర ప్రభుత్వపు లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో మండలాలకు సంకేత సంఖ్యలున్నాయి. ఫైలుకు ఆ సంఖ్యే పేరుగా పెట్టి, ఊళ్ల పేర్లను విడిగా ఒక పట్టికలో ఉంచుకోండి.

అధ్యాపకుడు:
ఉత్త సంఖ్యలైతే తప్పు ఫైలు తెరిచినా మనిషికి తెలియదు. సంఖ్య పక్కన చిన్నబడిలో పేరు కూడా ఉండాలని నేనంటాను.

రాజాం:
ఉండనివ్వండి మాస్టారూ, కాని ప్రోగ్రాము సంఖ్యను మాత్రమే చదవాలి. పేరును కూడా నమ్ముకుంటే మీరు చెప్పిన చిక్కే మళ్లీ వస్తుంది.

ప్రశ్న అడిగిన విద్యార్థి:
సంఖ్య, పక్కన పేరు, ఈ పద్ధతినే పాటిస్తాము. ఫైలు లోపలి కాలమ్ శీర్షికల్లోనూ ఇదే తేడా ఉంది; మా మిత్రుడు వాడే ఎస్‌పీఎస్‌ఎస్ అనే గణాంక సాఫ్ట్‌వేర్ దాన్ని పట్టించుకోదు, ఆర్ పట్టించుకుంటోంది.

అధ్యాపకుడు:
అక్కడ మాత్రం ప్రోగ్రామునే సర్దండి. మూల ఫైలును ముట్టకుండా, చదివిన వెంటనే శీర్షికలకు, అక్షరాలను చిన్నబడిలోకి మార్చే ఆర్ ఆదేశం ‘టులోయర్’ వర్తింపజేస్తే సరిపోతుంది.