పెన్సిల్‌తో గ్లోస్టోన్ వెలుగుతున్నట్టు ఎలా వేయాలి?

చుక్కలముగ్గు:
నమస్తే అండీ. మా బాబుకి 9 ఏళ్లు, మైన్‌క్రాఫ్ట్ గేమ్ అంటే ప్రాణం. వచ్చే ఆదివారం వాడి పుట్టినరోజు, చదువుకునే టేబుల్ పైన గోడకి పెట్టుకుంటా గ్లోస్టోన్ (ఆ గేమ్‌లో వెలిగే రాయి, క్యూబ్‌లా ఉంటుంది) బొమ్మ వేసివ్వమ్మా అన్నాడు, అదీ రంగులు వద్దంట, నేను స్కెచ్‌బుక్‌లో వేసే పెన్సిల్ బొమ్మల్లాగే కావాలంట. ఇప్పటికి మూడుసార్లు వేశాను. క్యూబ్ కుదిరింది, మీదున్న మచ్చలు కూడా ఫోన్ చూసుకుంటూ గడి గడీ వేశాను, కానీ వెలగట్లేదండీ, మైసూర్ పాక్ ముక్కలా ఉంది. చుట్టూ కిరణాల్లా గీతలు పెట్టి చూశా, ఇంకా చెడింది. నా దగ్గర హెచ్‌బి, 2బి, 4బి, 6బి పెన్సిళ్లు (లేత నుంచి ముదురు వరసలో) ఉన్నాయి, మామూలు డ్రాయింగ్ షీట్. ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పగలరా?

బొగ్గుముక్క:
ముందు క్యూబ్ చుట్టూ గీసిన నల్ల గీత తీసేయండి, సగం తప్పు అక్కడే. వెలిగే వస్తువుకి అంచు గీతలా కనపడదు, వెలుగు అంచు దాటి బయటికి పొంగుద్ది కాబట్టి. రెండోది, ఫోన్ స్క్రీన్ తనంతట తను వెలుగుద్ది, కాగితం వెలగదు. మన దగ్గరున్న వెలుగంతా ఆ కాగితం తెలుపే, దాన్ని మించి పెన్సిల్‌తో ఏమీ తేలేం. గ్లోస్టోన్‌ని ఇంకా తెల్లగా చేయడం కుదరనప్పుడు మిగతా కాగితమంతా నల్లగా చేసుకోవాలి. మీరు బొమ్మ చుట్టూ ఖాళీగా వదిలేసి ఉంటారు, అవునా? పట్టపగలు ఆరుబయట దీపం పెడితే ఏం కనపడుద్ది?

నేనైతే ఇలా వేస్తా. క్యూబ్‌ని హెచ్‌బితో కనపడీ కనపడనట్టు గీసుకుంటా. లోపల బాగా వెలిగే గడులు నాలుగైదు ముందే అనుకుని వాటి మీద పెన్సిల్ అస్సలు పెట్టను. తర్వాత కాగితం మూలల నుంచి 6బితో నలుపు మొదలుపెట్టి, లోపలికి వచ్చే కొద్దీ 4బి, 2బి, క్యూబ్‌కి అంగుళం దూరం నుంచి హెచ్‌బి, అంచు దగ్గరకొచ్చేసరికి పెన్సిల్ కాగితానికి తగిలీ తగలనట్టు. పెన్సిల్‌ని పడుకోబెట్టి చిన్న చిన్న సున్నాలు తిప్పుతున్నట్టు వేయాలి, ఒత్తకూడదు. ఒత్తితే కాగితంలో గాడి పడుద్ది, ఆ గాడిలోకి దిగిన గ్రాఫైట్ (పెన్సిల్ ములుకు పొడి) ఏ రబ్బరుతోనూ పూర్తిగా రాదు. ఆఖర్న నీడబుల్ ఇరేజర్ (షాపులో అలాగే అడగండి, బబుల్‌గమ్‌లా సాగుద్ది) చిన్న ముక్క తీసి మొనలా నలిపి అంచు మీద అద్దండి. రుద్దొద్దు, అద్దండి. అద్దినప్పుడల్లా కొంచెం కొంచెం పొడి లేచొచ్చి ఆ అంచు కరిగిపోతూ ఉంటది, అది చూస్తుంటే గంట ఎలా గడిచిందో కూడా తెలీదు నాకు.

నెదర్‌వాసి:
అక్కా, గేమ్ సంగతి నేను చెప్తా, మీకు పనికొస్తది. మైన్‌క్రాఫ్ట్‌లో గ్లోస్టోన్ లైట్ లెవెల్ (వెలుగు కొలత) 15, అంతకంటే ఎక్కువ గేమ్‌లోనే లేదు. టార్చ్ కూడా 14 ఏ. గ్లోస్టోన్ నుంచి ఒక్కో బ్లాక్ దూరం పోతుంటే ఒక్కో లెవెల్ తగ్గుతది, 14, 13, 12 అట్ల సున్నా దాకా. అవే మీ షేడింగ్ మెట్లు అనుకోండి. వేరే కాగితం మీద వరసగా 8 డబ్బాలు గీసి, మొదటిది ఖాళీ, చివరిది మీ 6బి ఎంత నలుపు ఇస్తే అంత, మధ్యలోవి మెట్టు మెట్టుగా నింపండి, రెండు లెవెల్స్‌కి ఒక డబ్బా లెక్క. అది పక్కన పెట్టుకుని వేస్తే ఎక్కడ ఎంత ముదురు అనేది తడుముకోవాల్సిన పని ఉండదు.

ఇంకోటి, దాన్ని ఒంటరిగా వేయకండి. నెదర్‌లో (గేమ్‌లోని పాతాళం లాంటి లోకం) అది పైకప్పుకి గుత్తులు గుత్తులుగా వేలాడతది కదా, అందుకే పైన, పక్కన రెండు మూడు నెదర్‌రాక్ (అక్కడి మామూలు రాయి) బ్లాకులు పెట్టండి. గ్లోస్టోన్ వైపు తిరిగిన ముఖాలు లేతగా, అవతలి ముఖాలు దాదాపు నల్లగా. పక్క బ్లాక్ మీద వెలుగు పడితేనే ఇది వెలుగుతుందని మన కంటికి తెలుస్తది. టెక్స్చర్ (బ్లాక్ మీది మచ్చల డిజైన్) ఒక్కో ముఖానికి అడ్డం 16, నిలువు 16, మొత్తం 256 గడులు, అవన్నీ వేయాలని కూర్చోకండి, వెలుగు ఎక్కువున్న దగ్గర గడులు ఎలాగూ కలిసిపోతాయి. అన్నట్టు 2019లో 1.14 అప్‌డేట్‌తో బ్లాకుల టెక్స్చర్లు మార్చారు, నెట్‌లో దొరికిన పాత ఫొటో చూసి వేస్తే బాబు ఇట్టే పట్టేస్తడు. వాడి గేమ్‌లోనే స్క్రీన్‌షాట్ తీసుకోండి.

చుక్కలముగ్గు:
ఇద్దరికీ చాలా థ్యాంక్స్. నిన్న రాత్రి చుట్టూ నలుపు వేసి చూశా, నిజంగానే మధ్యలో వెలుగొచ్చింది, నాకే ఆశ్చర్యం. కానీ ట్యూబ్‌లైట్ కింద పెడితే 6బి వేసిన చోటంతా వెండిలా మెరుస్తోంది, పక్క నుంచి చూస్తే నలుపే కనపడట్లేదు. 8బి కొనాలా?

డ్రాయింగ్_మాస్టారు:
8బి కొన్నా ఆ మెరుపు పోదమ్మా. గ్రాఫైట్ పలకలు పలకలుగా ఉండే పదార్థం, ఒత్తిన కొద్దీ ఆ పలకలు చదునుగా పరుచుకుని అద్దంలా వెలుతురు తిప్పికొడతాయి. బాగా నల్లగా కావాల్సిన మూలల్లో చార్‌కోల్ పెన్సిల్ వాడు, దానికి మెరుపుండదు. అయితే ముందు చార్‌కోల్ వేసుకుని ఆ తర్వాతే గ్రాఫైట్‌కి రా, గ్రాఫైట్‌తో నున్నగా అయిపోయిన కాగితం మీద చార్‌కోల్ పట్టదు, జారిపోతుంది. చెయ్యి కింద ఒక తెల్ల కాగితం పెట్టుకో, లేకపోతే నువ్వు కాపాడుకున్న తెలుపంతా నీ అరచెయ్యే మసి చేస్తుంది.

ఇంకొక్క పని చెయ్యమ్మా. రాత్రి గదిలో లైట్లు తీసేసి గోడకి దగ్గరగా ప్రమిద వెలిగించి కళ్లు సగం మూసి చూడు. వత్తి చుట్టూ గోడ ఎక్కడిదాకా తెల్లగా ఉంది, ఎక్కడ చీకట్లో కలుస్తోంది, ఆ కలిసేచోట గీత ఉందా అని చూడు. మా స్కూల్లో పిల్లలకి షేడింగ్ ఇలాగే నేర్పేవాణ్ణి. స్క్రీన్‌షాట్ చూసి మచ్చలు వేయొచ్చు, వెలుగు మాత్రం దీపాన్ని చూసే వేయాలి.

చుక్కలముగ్గు:
మాస్టారూ, నిన్న దేవుడి గూట్లో దీపం పెట్టి ఇంట్లో లైట్లన్నీ తీసేసి మా బాబు, నేను కూర్చుని చూశాం. వాడే చెప్పాడు, "అమ్మా, పసుపు ఎక్కడ అయిపోతుందో తెలీట్లేదు" అని. ఇవాళ నాలుగో షీట్ పూర్తయింది. ముందు వైపు ముఖంలో ఐదు గడులు అసలు ముట్టుకోలేదు, పైన నెదర్‌రాక్ అడుగు భాగం లేతగా వదిలాను, మూలలు చార్‌కోల్. వాడు ఆదివారం దాకా ఆగలేదు, అప్పుడే గోడకి అంటించేశాడు. ఇప్పుడు పక్కన సోల్ ల్యాంటర్న్ (అదే గేమ్‌లోని నీలి మంట లాంతరు) కూడా కావాలంట. దానికి తెలుపు ఎక్కడ వదలాలి?

నెదర్‌వాసి:
సూపర్ అక్కా! సోల్ ల్యాంటర్న్ లెవెల్ 10 ఏ, అందుకే ఎక్కడా పూర్తి తెలుపు వదలకండి, మధ్యలో మంట దగ్గర కూడా హెచ్‌బి ఒక పూత పడాలి. చుట్టూ వెలుగు కూడా గ్లోస్టోన్‌కి వేసినంత దూరం పోనీయకండి, తొందరగానే నలుపులోకి తెచ్చేయండి. రెండూ పక్కపక్కన పెడితే ఏది ఎక్కువ వెలుగుతుందో బాబుకి చూడగానే తెలవాలి.