ఒకే ప్రమేయాన్ని పదే పదే సమాకలనం చేస్తూ పోతే కొత్త ప్రమేయాలు ఎంతవరకు పుడతాయి?

కోనసీమ విద్యార్థిని, అమలాపురం (ప్రశ్న)

పెద్దలందరికీ నమస్కారం. నేను డిగ్రీ చివరి సంవత్సరం గణితం చదువుతున్నాను. ఇక్కడ సూత్రాలు సరిగా కనబడవు కనుక మాటల్లోనే రాస్తున్నాను. ఘాత ప్రమేయాన్ని ఎక్స్‌ప్ అని, సహజ సంవర్గమానాన్ని లాగ్ అని అనుకోవలసిందిగా మనవి.

ఎక్స్‌ప్(−ఎక్స్²)కు ప్రాథమిక ప్రమేయాల్లో (అంటే బహుపదులు, మూలాలు, ఎక్స్‌ప్, లాగ్, త్రికోణమితి ప్రమేయాలు, వాటి కలయికల్లో) సమాకలని లేదని మా పుస్తకంలో ఒక్క వాక్యంతో చెప్పి, సున్నా నుంచి ఎక్స్ వరకు దాని సమాకలనిని 2/√పైతో గుణించినదానికి ఎర్ఫ్ అని పేరు పెట్టి వదిలేశారు. ఆ ఎర్ఫ్‌ను మళ్లీ సమాకలనం చేస్తే ఇంకో కొత్త ప్రమేయం, దాన్ని చేస్తే మరొకటి, అలా అంతు లేకుండా వస్తాయని నేను ఊహించాను. తీరా విభాగ సమాకలనం చేసి చూస్తే, ఎక్స్‌ను ఎర్ఫ్‌తో గుణించి, దానికి ఎక్స్‌ప్(−ఎక్స్²)ను √పైతో భాగించి కలిపితే సరిపోయింది. కొత్తది ఏదీ అవసరం కాలేదు. సైన్ ఎక్స్ / ఎక్స్ విషయంలోనూ అంతే జరిగింది. దాని సమాకలనిని ఎస్‌ఐ అంటే, రెండోసారి చేసినప్పుడు ఎక్స్·ఎస్‌ఐ + కాస్ ఎక్స్ వచ్చింది. ఇది ఎప్పుడూ ఇలాగే ఆగుతుందా, లేక నేను ఎంచుకున్న ఉదాహరణల అదృష్టమా? అసలు మొదటి మెట్టులోనే సమాకలని "లేదు" అని ఎలా నిరూపిస్తారు? దొరకకపోవడం వేరు, లేకపోవడం వేరు కదా.

లెక్కల మాస్టారు, రాజమహేంద్రవరం

అమ్మా, చివర అడిగినదానికి ముందుగా జవాబు చెబుతాను, ఎందుకంటే మిగిలినదంతా దాని మీదే నిలబడుతుంది.

జోసెఫ్ లియూవిల్ 1830లలో నిరూపించిన సిద్ధాంతం ప్రకారం, ఒక అకరణీయ ప్రమేయాన్ని (అంటే రెండు బహుపదుల నిష్పత్తిని, శూన్యం కానిదాన్ని) ఎక్స్‌ప్(జి)తో గుణించినప్పుడు, ఇక్కడ జి స్థిరం కాని అకరణీయ ప్రమేయం అనుకుందాం, ఆ లబ్ధానికి ప్రాథమిక సమాకలని ఉంటే అది ఏ రూపంలో పడితే ఆ రూపంలో ఉండదు. ఏదో ఒక అకరణీయ ప్రమేయం 'ఎ'ను అదే ఎక్స్‌ప్(జి)తో గుణించగా వచ్చే రూపంలోనే ఉండాలి. వెతకవలసిన చోటు ఇంత చిన్నదైపోయాక, లేదని చెప్పడం చేతిలో పని. మీ ఉదాహరణలో 'ఎ'ను ఎక్స్‌ప్(−ఎక్స్²)తో గుణించి అవకలనం చేసి పోల్చితే, 'ఎ' అవకలజం నుంచి 2ఎక్స్·ఎ తీసివేస్తే 1 రావాలి. 'ఎ' హరం ఎక్కడైనా (సంకీర్ణ బిందువు దగ్గరైనా సరే) ఎమ్ సార్లు సున్నా అయితే, అవకలజంలో అక్కడ హరం ఎమ్+1 సార్లు సున్నా అవుతుంది. 2ఎక్స్·ఎ లో ఎమ్‌కు మించదు కాబట్టి ఆ రెండూ ఒకదాన్నొకటి కొట్టివేసుకోలేవు, కానీ కుడివైపున ఉన్నది 1 మాత్రమే. కనుక 'ఎ'కు హరమే ఉండకూడదు, అది బహుపది కావాలి. బహుపది అయితే 2ఎక్స్·ఎ లో అత్యధిక ఘాతం 'ఎ'లో కన్నా ఒకటి ఎక్కువ, అవకలజంలో అంతకన్నా తక్కువ, కాబట్టి తీసివేత ఫలితం స్థిరసంఖ్య కాజాలదు. కథ ముగిసింది. పాఠ్యపుస్తకం ఆ సిద్ధాంతాన్ని నిరూపణ లేకుండా ఉదహరించి, ఈ నాలుగు వాక్యాలు రాసి ఉంటే బాగుండేదని నా అభిప్రాయం.

ఇక మీ మొదటి ప్రశ్న. కోషీ ఇచ్చిన సూత్రం ఒకటి ఉంది: ఒక ప్రమేయం ఎఫ్‌ను ఒకే దిగువ అవధి నుంచి ఎక్స్ వరకు ఎన్ సార్లు వరుసగా సమాకలనం చేయడం, (ఎక్స్−టి) యొక్క ఎన్−1వ ఘాతాన్ని ఎఫ్(టి)తో గుణించి, ఒక్కసారి సమాకలనం చేసి, ఎన్−1 క్రమగుణితంతో భాగించడంతో సమానం. ఆ ఘాతాన్ని ద్విపద సిద్ధాంతంతో విస్తరిస్తే ఎక్స్‌లు బయటికి వచ్చేస్తాయి. లోపల మిగిలేవి ఎఫ్, టి·ఎఫ్, టి²·ఎఫ్ వగైరాల సమాకలనులు మాత్రమే. అంటే మీ ప్రశ్న నిజానికి "టి ఘాతాలతో గుణించిన ఎఫ్‌ల సమాకలనుల్లో ఎన్ని కొత్తవి?" అనే ప్రశ్నగా మారిపోయింది.

ఎక్స్‌ప్(−టి²) విషయంలో టి తో గుణిస్తే సమాకలని ప్రాథమికమే. టి² తో గుణిస్తే విభాగ సమాకలనం ద్వారా మళ్లీ ఎర్ఫ్‌కే చేరుతుంది. అందువల్ల ఒక్కటే కొత్త ప్రమేయం. ఎక్స్‌ప్(టి³) తీసుకోండి: మొదటిది కొత్తది, టి తో గుణించినది ఇంకో కొత్తది, టి² తో గుణించినది ప్రాథమికం, టి³ తో గుణించినది మొదటిదానికే తిరిగి వస్తుంది. రెండు పుట్టి ఆగిపోతాయి. ఘాతస్థానంలో డి ఘాతపు బహుపది ఉంటే డి−1 కొత్త ప్రమేయాలు పుడతాయి, అంతకన్నా ఒక్కటి కూడా పుట్టదు. పైన చెప్పిన హరం, ఘాతం వాదననే మళ్లీ వాడి మీరే నిరూపించుకోవచ్చు.

అసలేమీ పుట్టని ఉదాహరణ కూడా చూడండి. లాగ్ ఎక్స్‌ను సున్నా నుంచి ఎన్ సార్లు సమాకలనం చేస్తే, ఎక్స్ ఎన్వ ఘాతాన్ని ఎన్ క్రమగుణితంతో భాగించి, దాన్ని (లాగ్ ఎక్స్ − హెచ్)తో గుణించినది వస్తుంది; ఇక్కడ హెచ్ అంటే 1 + 1/2 + 1/3 అని 1/ఎన్ వరకు కూడిన మొత్తం.

కోనసీమ విద్యార్థిని

మాస్టారూ, కృతజ్ఞతలు. డి−1 సంగతి రాత్రి కూర్చుని నిరూపించుకున్నాను. కానీ టాన్ ఎక్స్ దగ్గర చిక్కుకుపోయాను. మొదటిసారి −లాగ్ కాస్ ఎక్స్ వచ్చింది, అది ప్రాథమికమే. రెండోసారి ఎటూ కదలలేదు. ఇంటర్‌లో లాగ్ సైన్ ఎక్స్‌కు సున్నా నుంచి పై/2 వరకు −(పై/2)·లాగ్ 2 అని నేర్చుకున్నాం కదా, మరి ఇక్కడ రాకపోవడమేమిటి?

కాకినాడ పరిశోధక విద్యార్థి

ఇంటర్‌లో నేర్చుకున్నది ఆ రెండు అవధుల మధ్య విలువను మాత్రమే. అక్కడ సైన్, కాస్‌ల సౌష్ఠవం, రెట్టింపు కోణపు సూత్రం కలిసి పని జరిపించాయి. ప్రమేయం ఎక్కడా దొరకలేదు. పై అవధిని కదిలే ఎక్స్‌గా పెడితే ఆ సౌష్ఠవం పోతుంది, డైలాగరిథమ్ అనే కొత్త ప్రమేయం కావలసి వస్తుంది.

డైలాగరిథమ్ అంటే −లాగ్(1−టి)ని టి తో భాగించి సున్నా నుంచి ఎక్స్ వరకు సమాకలనం చేసినది. శ్రేణిగా రాస్తే ఎక్స్ + ఎక్స్²/4 + ఎక్స్³/9 అని సాగుతుంది. ఎక్స్ విలువ 1 అయితే అది ఆయిలర్ కనుగొన్న పై²/6. టాన్ ఎక్స్ రెండో సమాకలనిలో ఈ డైలాగరిథమ్ ఒక సంకీర్ణ ఘాత ప్రమేయం లోపల వస్తుంది. మూడోసారి చేస్తే ట్రైలాగరిథమ్ (అదే శ్రేణిలో హరాలు వర్గాలకు బదులు ఘనాలైనది), నాలుగోసారి దాని పై అంతస్తు. ఇక్కడ మెట్టు మెట్టుకూ కొత్తది పుడుతూనే ఉంటుంది, ఎక్కడా ఆగదు. కాబట్టి మీ మొదటి రెండు ఉదాహరణలు ఆగిపోయే రకానికి చెందినవి, అంతే.

ఇక్కడ ఒక తేడాను గట్టిగా పట్టుకోవాలి. ఊరికే మళ్లీ మళ్లీ సమాకలనం చేయడం ఒక పని. ప్రతి రెండు సమాకలనాల మధ్యా ఇంకో ప్రమేయంతో గుణించడమో భాగించడమో చేయడం వేరే పని. డైలాగరిథమ్‌ను ఉన్నదున్నట్టుగా సమాకలనం చేస్తే కొత్తది ఏమీ రాదు. ఎక్స్ తో భాగించి చేస్తేనే ట్రైలాగరిథమ్ వస్తుంది, 1 దగ్గర దాని విలువ 1.2020569..., అది కరణీయ సంఖ్య అని అపేరీ 1978లో ప్రకటించేదాకా ఎవరికీ నిరూపణ లేదు. మన శ్రీనివాస రామానుజన్ కూడా ఈ దారిలో నడిచారు: ఆర్క్‌టాన్ టి ని టి తో భాగించి సమాకలనం చేసిన ప్రమేయం మీద 1915లో భారత గణిత సంఘం పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. దాని విలువ 1 దగ్గర 0.9159655..., దీన్ని కటలాన్ స్థిరసంఖ్య అంటారు, ఇది కరణీయమో కాదో నేటికీ తేలలేదు. ఇంత సులువుగా రాయగలిగిన సంఖ్య గురించి ఇంత చిన్న సంగతి తేలకపోవడం నాకైతే ఎప్పుడూ ఆశ్చర్యమే.

1/లాగ్ ఎక్స్ మరో వింత. దాని సమాకలనిని ఎల్‌ఐ అంటారు. టి కే-వ ఘాతంతో గుణించి చేస్తే, ప్రతిక్షేపణ ద్వారా, ఎక్స్ స్థానంలో ఎక్స్ కే+1వ ఘాతం పెట్టిన ఎల్‌ఐ వస్తుంది. అంటే పదే పదే సమాకలనం చేస్తే ఎల్‌ఐ(ఎక్స్), ఎల్‌ఐ(ఎక్స్²), ఎల్‌ఐ(ఎక్స్³) వరుసగా దిగుతాయి. పేరు ఒకటే అయినా ఒకదాని నుంచి మరొకటి కూడికలు, గుణకారాలతో రాదు. ఇవి కొత్తవా, పాతవా అన్నది మీరు 'కొత్త' అంటే ఏమి అనుకుంటున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది.

సమాకలనాన్ని, ఘాత ప్రమేయాన్ని, బీజీయ సమీకరణాల మూలాలను ఎన్నిసార్లయినా వాడుకోవచ్చని అనుమతిస్తే ఏర్పడే మొత్తం సమూహాన్ని లియూవిలియన్ ప్రమేయాలు అంటారు. అదీ సర్వం కాదు. ఎయిరీ సమీకరణం, అంటే రెండో అవకలజం ఎక్స్·వై కి సమానం అన్నది, చూడడానికి ఎంతో అమాయకంగా ఉంటుంది. దాని సున్నా కాని ఏ సాధనా ఆ సమూహంలో లేదు. బెసెల్ సమీకరణం అనే మరో రెండో క్రమపు అవకలన సమీకరణంలో, దాని 'క్రమం' అని పిలిచే స్థిరసంఖ్య 1/2, 3/2, 5/2 వంటిది అయితేనే సాధనలు అందులోకి వస్తాయి. ఇలాంటి రెండో క్రమపు సమీకరణాలకు అలాంటి సాధన ఉందో లేదో తేల్చే పద్ధతిని కొవాసిక్ 1986లో ప్రచురించారు.

గట్టు ఇంజనీరు, ధవళేశ్వరం

గణితం మీద నేను చెప్పగలిగింది కొంచెమే, కానీ ఎర్ఫ్‌ను వరుసగా సమాకలనం చేసే పని మా వృత్తిలో నిజంగానే తగులుతుంది కనుక రాస్తున్నాను.

డెల్టాలో ఏటిగట్టునో, రోడ్డు గట్టునో మెత్తని బంకమట్టి మీద ఎత్తు చేసినప్పుడు, ఆ బరువును మొదట మట్టి రేణువుల సందుల్లోని నీరే మోస్తుంది. నీరు పైకి తప్పుకునే కొద్దీ నేల కుంగుతుంది. టెర్జాగీ 1920లలో ఇచ్చిన సమీకరణం ప్రకారం, బంకమట్టి పొర బాగా మందంగా ఉన్నప్పుడు, ఏదైనా లోతులో నీటి పీడనం ఎంత భాగం తగ్గిందో చెప్పేది ఎర్ఫ్‌సి, అంటే 1 నుంచి ఎర్ఫ్‌ను తీసివేసినది. మొత్తం కుంగుదల కావాలంటే దాన్ని లోతు వెంబడి సమాకలనం చేయాలి. సున్నా నుంచి అనంతం వరకు ఎర్ఫ్‌సి సమాకలని 1/√పై, అంటే 0.5642. లోతును కాలపు వర్గమూలంతో భాగించి ఎర్ఫ్‌సిలో పెడతాం కాబట్టి కుంగుదల కూడా కాలపు వర్గమూలంతో పెరుగుతుంది: నాలుగు రెట్ల కాలానికి రెండు రెట్ల కుంగుదల.

అసలు గట్టును ఎవరూ ఒక్క రోజులో పోయరు, పొరలు పొరలుగా పోస్తారు. బరువు కాలంతో సమంగా పెరుగుతుందని తీసుకుంటే, పీడనంలో ఎర్ఫ్‌సి స్థానంలో దాన్ని రెండుసార్లు సమాకలనం చేసిన ప్రమేయం వస్తుంది, కుంగుదలలో మూడుసార్లు చేసినది. సున్నా దగ్గర ఆ మూడోదాని విలువ 1/(6√పై). అన్నీ సర్దితే, పోత పూర్తయిన నాటికి కుంగుదల, మొత్తం మట్టిని మొదటి రోజే పోసి ఉంటే అదే కాలానికి కలిగే కుంగుదలలో సరిగ్గా మూడింట రెండు వంతులు. నిజమైన నేలలో మధ్యలో ఇసుక పొరలు తగులుతాయి, పొర మందానికి హద్దు ఉంటుంది, కనుక ఈ లెక్క తొలి దశకే పనికొస్తుంది. అయినా ఎవరైనా సాఫ్ట్‌వేర్ ఫలితాన్ని తెచ్చి చూపించినప్పుడు నేను ముందు ఈ మూడింట రెండు వంతులతో సరిచూస్తాను.

కోనసీమ విద్యార్థిని

ఇంజనీరు గారూ, మూడు నాలుగు సార్లు సమాకలనం చేసిన ఎర్ఫ్‌సి విలువలను చేత్తో ఎలా లెక్కిస్తారు? కొత్త ప్రమేయం అవసరం లేదని మాస్టారు చెప్పారు కనుక, ఎర్ఫ్‌సి పట్టిక ఒక్కటి ఉంటే చాలునా?

గట్టు ఇంజనీరు, ధవళేశ్వరం

సిద్ధాంతం ప్రకారం చాలును, ఆచరణలో జాగ్రత్త కావాలి. ఏ సంఖ్య దగ్గర విలువ కావాలో దాన్ని జెడ్ అందాం. ఎన్‌సార్లు సమాకలనం చేసినదాన్ని 2ఎన్ తో గుణిస్తే, రెండు మెట్లు కిందిదాని నుంచి, 2జెడ్‌తో గుణించిన ఒక మెట్టు కిందిదాన్ని తీసివేసినంత వస్తుంది. పట్టికతో మొదలుపెట్టి పైకి ఎక్కవచ్చు. కానీ జెడ్ విలువ 3 తీసుకొని చూడండి. మొదటి సమాకలని కోసం ఎక్స్‌ప్(−9)/√పై నుంచి 3·ఎర్ఫ్‌సి(3) తీసివేయాలి: 0.0000696265 నుంచి 0.0000662715 తీసివేస్తే 0.0000033550 మిగులుతుంది. దాదాపు సమానమైన రెండు సంఖ్యల తీసివేతలో ఒక అంకెకు పైగా కచ్చితత్వం పోయింది. తర్వాతి మెట్టులో 0.0000220905 నుంచి 0.0000201300 తీసివేసి నాలుగుతో భాగించాలి; మళ్లీ ఒక అంకె ఎగిరిపోయింది. మీ పట్టికలో అయిదు అంకెలే ఉంటే నాలుగో మెట్టుకు చేరేసరికి చేతిలో నమ్మదగినది ఏమీ ఉండదు.

అందుచేత జెడ్ పెద్దదైనప్పుడు ఇదే సూత్రాన్ని పైనుంచి కిందికి నడుపుతారు: చాలా పెద్ద ఎన్ దగ్గర విలువ సున్నా అని, దాని కింది మెట్టులో ఏదో ఒక చిన్న సంఖ్య అని పెట్టుకొని, కిందికి దిగుతూ వచ్చి, చివర ఎర్ఫ్‌సి అసలు విలువతో పోల్చి అన్నింటినీ ఒకే నిష్పత్తిలో సరిచేస్తారు. గౌచీ 1961లో ఈ ప్రమేయాల కోసమే దీన్ని వివరంగా రాశారు. జెడ్ సున్నా దగ్గర మాత్రం పైకి ఎక్కడంలో ఇబ్బంది లేదు, గట్టు కుంగుదలకు మనకు కావలసింది కూడా ఆ విలువే.