నీటిరంగు బొమ్మ స్టాంపుకెక్కేటప్పుడు కాగితం గరుకు తుడిచేయాలా, ఉంచాలా?

భూతద్దం:
నీటిరంగు చిత్రాన్ని స్టాంపుగా అచ్చు వేసే ముందు స్కాన్‌లో కనిపించే కాగితం గరుకును, వాష్‌లో (నీళ్లు కలిపి పల్చగా పూసిన రంగులో) పేరుకున్న రంగు రేణువులను కంప్యూటర్లో తుడిచేయడం మామూలైపోయింది. ఆకాశమంతా ప్లాస్టిక్ రేకులా నున్నగా తయారవుతోంది. అల్ట్రామెరీన్ నీలం కాగితం గుంటల్లోకి దిగి ఇసుక చల్లినట్టు ఆరుతుంది. అది ఆ రంగు స్వభావం, లోపం కాదు. దాన్ని తీసేశాక మిగిలేది నీటిరంగు బొమ్మే కాదు. తుడవకూడదని నా వాదన. అచ్చు పని తెలిసినవాళ్లు ఏమంటారు?

నాలుగుప్లేట్లు:
లెక్క చూడండి. అసలు బొమ్మ వెడల్పు 28 సెం.మీ., స్టాంపు వెడల్పు 40 మి.మీ. అనుకుందాం. బొమ్మ ఏడో వంతుకు తగ్గుతుంది. బొమ్మను చుక్కల వరుసలుగా విడగొట్టే స్క్రీన్‌ను అంగుళానికి 300 గీతలది తీసుకుని ఆఫ్‌సెట్‌లో (ప్లేటు నుంచి రబ్బరు మీదుగా కాగితానికి సిరా ఎక్కించే అచ్చులో) వేస్తే చుక్కకూ చుక్కకూ మధ్య దూరం సుమారు 0.085 మి.మీ. కాగితంలో అర మిల్లీమీటరు గుంట స్టాంపు మీద 0.07 మి.మీ. అవుతుంది, ఒక్క చుక్క చోటు కూడా దానికి దక్కదు. అది గరుకులా కనిపించదు, మురికిలా కనిపిస్తుంది. పెన్సిల్ గీతలదీ ఇదే గతి: అసలు బొమ్మలో కనీసం 0.7 మి.మీ. మందం లేని లేత గీత అచ్చులో ముక్కలైపోతుంది. కంటికి అందనిదాన్ని మోసుకెళ్లి ఏం లాభం? తుడవాల్సిందే.

తడికుంచె:
మీరిద్దరూ గరుకు అంటున్నది ఒకటే వస్తువు కాదండీ. రేణువులు పేరుకోవడం రంగులో ఉంది. స్కాన్‌లో కనిపించే బూడిదరంగు గింజల్లో చాలా భాగం కాగితం నీడలు. స్కానర్ దీపం ఒక పక్క నుంచే పడుతుంది కాబట్టి కోల్డ్ ప్రెస్ (కాస్త గరుకు) కాగితం మీద ప్రతి మిట్టకూ ఒక నీడ పుడుతుంది. కుంచె పెట్టనిది స్కానర్ పెట్టింది, అది పోవాలి.

దానికి బొమ్మను మసకబార్చే బ్లర్ ఫిల్టర్ అక్కర్లేదు. బొమ్మను ఒకసారి మామూలుగా, ఒకసారి 180 డిగ్రీలు తిప్పి స్కాన్ చేసి, రెండోదాన్ని తిరిగి నిలబెట్టి, రెంటినీ సరిగ్గా ఒకదానిమీద ఒకటి పేర్చి సగటు తీస్తే నీడలు చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, రంగు రేణువులు నిలుస్తాయి. కెమెరాతో తీస్తే ఇంకా మేలు: రెండు పక్కలా 45 డిగ్రీల్లో దీపాలు, వాటి ముందు మెరుపును కోసే పోలరైజింగ్ ఫిల్ములు, లెన్స్‌కు అడ్డంగా తిప్పిన పోలరైజర్.

మరో తప్పు పదును పెట్టే వరుసలో జరుగుతోంది. పెద్ద సైజులో షార్పెన్ చేసి తర్వాత తగ్గిస్తే గరుకు రెట్టింపై కూర్చుంటుంది. ముందు స్టాంపు సైజుకు తగ్గించాలి. 40 మి.మీ.కి అంగుళానికి 600 పిక్సెళ్ల చొప్పున సుమారు 945 పిక్సెళ్లు చాలు. పదును ఆ తర్వాతే, అదీ కొద్దిగా. అంకెలు, అక్షరాలు ఈ ఫైల్లో కలపకుండా వెక్టర్‌గా (పిక్సెళ్లుగా కాక గీతల ఆకారాలుగా) విడిగా ఉంచాలి, లేకపోతే వాటి అంచులు సయాన్, మెజెంటా, పసుపు, నలుపు అనే నాలుగు అచ్చు రంగుల చుక్కలుగా విరిగిపోతాయి.

భూతద్దం:
తడికుంచె గారి మాట ఒప్పుకుంటాను, నీడలు పోనివ్వండి. కానీ నాలుగుప్లేట్లు గారి లెక్క పాత స్క్రీన్‌కే వర్తిస్తుంది. 20 మైక్రాన్ల (0.02 మి.మీ.) చుక్కల్ని చెదరగొట్టి వేసే ఎఫ్.ఎం. స్క్రీన్‌లో గళ్ల వరుసే ఉండదు, రేణువుల తీరు నిలబడుతుంది.

నాలుగుప్లేట్లు:
నిలబడుతుంది, దానికి మూల్యమూ ఉంది. చుక్క చిన్నదయ్యేకొద్దీ సిరా పరుచుకోవడం పెరిగి మధ్యస్థాయి రంగులు నల్లబడతాయి. ఆ ప్రెస్సుకు, ఆ కాగితానికి ప్లేటు కర్వ్ (ప్లేటు మీద చుక్కల సైజును ముందే సరిచేసే సర్దుబాటు) విడిగా కట్టకపోతే లేత సాయంత్రం కాస్తా మబ్బు పట్టిన సాయంత్రమవుతుంది. నున్నని లేత వాష్‌లో చుక్కలే గింజల్లా తేలతాయి. అప్పుడు చూసేవారికి కనిపించే గరుకు చిత్రకారుడిది కాదు, అచ్చుది!

అసలు తగాదా తెలుపు దగ్గర ఉందనుకుంటాను. నీటిరంగులో వెలుగు అంటే వదిలేసిన కాగితమే. ఆ కాగితం కాస్త పసుపు ఛాయలో ఉంటే స్కాన్‌లో ప్రతి తెల్లచోటా 3, 4 శాతం పసుపు చుక్క పడి, స్టాంపు పాతబడ్డట్టు కనిపిస్తుంది. సున్నాకి తెచ్చేస్తే వాష్ అంచు కరిగిపోవాల్సిన చోట కత్తిరించినట్టు ఆగుతుంది, ఎందుకంటే ఆఫ్‌సెట్‌లో 2 శాతం కంటే చిన్న చుక్క నమ్మకంగా నిలవదు. ఇక అల్ట్రామెరీన్: మెజెంటా (గులాబీ సిరా) శాతం సయాన్‌కు (నీలి సిరాకు) దగ్గరగా వస్తే ఊదాకు తిరుగుతుంది. రెంటి మధ్య 30 శాతం తేడా ఉంచుతారు. ఫ్లోరోసెంట్ గులాబీలు నాలుగు రంగుల్లో ఎలాగూ రావు, ఐదో ప్లేటు కావాలి.

చెక్కుడుగీత:
ఈ చర్చ స్టాంపు పుట్టినప్పటి నుంచీ ఉంది. 1840 పెన్నీ బ్లాక్‌కు హెన్రీ కోర్బోల్డ్ బొమ్మ గీసిస్తే హీత్ తండ్రీకొడుకులు దాన్ని ఉక్కు మీద గీతలుగా చెక్కారు. 1934లో అమెరికాలో వచ్చిన మొదటి బాతు స్టాంపుకు (వేట అనుమతి కోసం కొనే స్టాంపుకు) మూలం డింగ్ డార్లింగ్ కుంచెతో వేసిన బొమ్మ, అదీ చెక్కుడు ప్లేటుకే ఎక్కింది. వాష్‌ను ఉన్నదున్నట్టు దించాలని ఎవరూ చూడలేదు, గీతల దగ్గరా దూరాలతో మళ్లీ చెప్పారు. కాగితం గరుకు ఉండాలా వద్దా అన్న ప్రశ్నే అక్కడ లేదు. నా దృష్టిలో నీటిరంగుకు అదే నిజాయితీ గల దారి.

భూతద్దం:
గీతతో వెలుగునీడలు చెప్పొచ్చు, ఒప్పుకుంటాను. తడి మీద తడి పడి రెండు రంగులు ఒకదాంట్లోకి ఒకటి పాకడాన్ని గీతతో ఎలా చెబుతారు? అక్కడ చెక్కుడు ఓడిపోతుంది.

తడికుంచె:
కొత్తగా వేయించే బొమ్మలకైతే ఈ గొడవను కుంచె దగ్గరే తగ్గించుకోవచ్చు. స్టాంపు సైజుకు నాలుగైదు రెట్లే వేయాలి, హాట్ ప్రెస్ (నున్నని) కాగితం మీద. విలువ అంకె కోసం ఒక మూల ప్రశాంతంగా వదలాలి. రంధ్రాల వరుస అటూ ఇటూ జరగొచ్చు కాబట్టి ముఖ్యమైనదేదీ అంచుకు 2 మి.మీ. లోపు ఉండకూడదు. రేణువులు కనబడాలంటే వాటిని విడి గింజలుగా కాకుండా గుంపులుగా, మచ్చలుగా పేరుకోనివ్వాలి. ఏడో వంతుకు తగ్గినా మచ్చ మచ్చలాగే మిగులుతుంది.

నాలుగుప్లేట్లు:
ఆ చివరి మాటతో నాకు పేచీ లేదు. పాత చిత్రాలకు మాత్రం ఒక పని చేయండి: తుడిచినది, తుడవనిది, నీడలు మాత్రమే తీసినది, మూడూ అసలు స్టాంపు కాగితం మీద, అసలు సైజులో ప్రూఫ్ (నమూనా అచ్చు) వేసి చేయి చాచినంత దూరంలో పెట్టి చూడండి. తెర మీద 400 శాతం పెంచి తీర్పు చెప్పొద్దు.

భూతద్దం:
సరే. కానీ ఆ ప్రూఫును నేను పది రెట్ల భూతద్దంతో కూడా చూస్తాను. స్టాంపును జీవితాంతం దాచుకునేవాళ్లు చూసేది అలాగే.